మీ సార్టెక్స్, మా సార్టర్

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "పొద్దస్తమానం ఆ ల్యాబులో ఏం చేస్తావురా?" అన్నావు గదా. నువ్వు మిర్యాలగూడ బియ్యం మిల్లులో చేసే పనే చేస్తున్నా. మీ సార్టెక్స్ మెషీన్ నల్లగింజ కనబడగానే గాలి కొట్టి పక్కకి తోస్తుంది. మా సార్టర్ మెషీన్ ఒక్కో చుక్కలో ఒక్కో కణాన్ని పంపి, లేజర్ వెలుతుర్లో రంగు మెరిస్తే ఆ చుక్కకి కరెంటు ఛార్జి ఎక్కించి వేరే ట్యూబులోకి లాగుతుంది. చిక్కల్లా ఏంటంటే, మా గింజలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రంగు మేమే వెయ్యాలి.

నాకు కావలసింది మెదడు మూలకణం, అంటే కొత్త మెదడు కణాల్ని పుట్టించే విత్తనం లాంటి కణం. ఎదిగిన ఎలుకలో అయితే మెదడు లోపలి నీటిగదుల గోడల్లో నక్కి ఉంటుంది. నెస్టిన్ అనే ప్రొటీన్ దానికి పాత ఆనవాలే గానీ, అది కణం లోపల ఉంటుంది. మేం రంగు తగిలించి పంపే యాంటీబాడీ (గుర్తుని వెతికి అంటుకునే ప్రొటీన్) లోపలికి వెళ్ళి దాన్ని పట్టుకోవాలంటే ముందు కణం చావాలి. చచ్చిన విత్తనం నాకెందుకు? అందుకే పైపొర మీదుండే గుర్తుల కోసం ఈ వెతుకులాట. 2000లో నొబుకో ఉచిదా బృందం మనిషి పిండం మెదడులోంచి సీడీ133 అనే పైపొర గుర్తు ఉండి, రక్తకణాల మీదుండే సీడీ34, సీడీ45 గుర్తులు లేని కణాల్ని ఏరింది. అవి గిన్నెలో గుండ్రటి ఉండలు కట్టాయి, ఎలుకపిల్లల మెదళ్ళలో పెడితే అక్కడా బతికాయి.

అది చదివి నేనూ ఎగిరాను. ఎదిగిన ఎలుక మెదడు తెచ్చి, సీడీ133 ఒక్కదాన్నే నమ్ముకుని ఏరా. మైక్రోస్కోపులో చూద్దును గదా, సగం కణాలు సన్నటి నూగు ఆడిస్తూ కూర్చున్నాయి! నీటిగదికి లోపలి పూతలా ఉండే కణాలవి. వాటి మీదా సీడీ133 ఉంటుంది. మా మేడమ్ నవ్వి, "వాటి మీద సీడీ24 అనే ఇంకో గుర్తు ఎక్కువ, అది ఎక్కువున్నవి ముందే తీసెయ్యాలి నాయనా" అన్నారు. ఒక ఎలుక, పది గంటలు, గోవిందా.

అసలు తమాషా 2014లో ఫియోనా డెచ్ బృందం చెప్పింది. మేలుకున్న మూలకణం మీద సీడీ133తో పాటు ఈజీఎఫ్ఆర్ అనే గుర్తు కూడా ఉంటుంది, నిద్రపోయేదాని మీద అది ఉండదు. నిద్రపోయేవాటిలో నెస్టిన్ కూడా కనబడదు, గిన్నెలో వేస్తే ఉండ కట్టడమూ అరుదే. 1992 నుంచీ ఉండ కడితేనే మూలకణం అని లెక్కేస్తూ వచ్చారు మరి! కొత్త వడ్లు నానబెట్టినా మొలకెత్తవని మీ నాన్న తిట్టుకునేవాడు, గుర్తుందా? అచ్చం అదే. అవి పుచ్చులు కావురా, నిద్రలో ఉన్నాయంతే.

గురువారం రాత్రి మళ్ళీ మెషీన్ దొరికింది. ఈసారి మూడు రంగులు. పండక్కి వచ్చేటప్పుడు పాత బియ్యం తెస్తానన్నావు, మర్చిపోకు.

నీ
రాజుగాడు