2024–25 వార్షిక నివేదిక: మనకు పని నేర్పినవాళ్ల కోసం

సభ్యులందరికీ నమస్కారం.

లెక్కల కాగితం ఈసారి విడిగా జతచేశాం. ఆడిటర్ సంతకం అయింది, చందా బకాయిలు కూడా దాదాపు వసూలయ్యాయి. కాబట్టి ఈ నివేదికలో, ఏడాదంతా మనం ఎక్కువ మనసు పెట్టి చేసిన పని గురించే వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామందిమి పోచంపల్లి నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డవాళ్లం. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మగ్గానికి నూలు కండెలు చుట్టినవాళ్లమే. ఏటా సెప్టెంబర్ 5న రిటైరైన టీచర్లను పిలిచి సత్కరించుకుంటున్నాం. అది ఎప్పటికీ ఆగకూడదు. కానీ జూన్ సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "నాకు లెక్కలొచ్చింది పోగులు లెక్కపెట్టించిన మా మేనత్త వల్ల. ఆమెను మాత్రం ఎవరూ ఏ సభకూ పిలవలే" అన్నారు. ఆ మాటతో చాలామందికి ఎవరో ఒకరు గుర్తొచ్చారు. మగ్గం దగ్గర, అద్దకం దగ్గర, ఆసు (నూలును మేకుల మీద పోసే పని) దగ్గర మనకు పని నేర్పిన పెద్దవాళ్లను కూడా గురువులుగా గౌరవించాలని ఆ రోజే తీర్మానం చేశాం.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడే మొదలుపెడదామనుకున్నాం. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజది, 2015 నుంచి చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. పేర్ల జాబితా తయారు కాక సెప్టెంబర్‌కు మార్చాం. ఇంతలో ఆ నెల మొదట్లోనే ఖమ్మం, విజయవాడ మునిగిపోయాయి. సభకు దాచిన డబ్బుతో బియ్యం, దుప్పట్లు కొని పంపాం. ఎవరూ కాదనలేదు.

నెలాఖరుకు హాలు దొరికింది గానీ, జాబితాలో మొదటి పేరున్న అవ్వ రానన్నారు. "నేనేం నేర్పిన బిడ్డా, మీరే చూసి నేర్చుకుండ్రు" అన్నారు ఫోన్‌లో. అందుకని మేమే వాళ్లింటికి వెళ్లాం. శాలువా తీయబోతే, "నేసెటోళ్లకు బట్ట కప్పుతరా? కూసోండి, చాయ్ తాగుండ్రి" అన్నారు. అరుగు మీద కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. నలభై ఏళ్లు ఆసు పోసిన చెయ్యి ఆమెది. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు. గ్లాసు ఎడమ చేత్తోనే అందించారు.

ఆసు పోయడం చూడని పిల్లల కోసం నాలుగు మాటలు. చిటికి (రంగు ఎక్కకుండా పోగులకు వేసే ముడి) కట్టే ముందు నూలును మేకుల మీద వరుస తప్పకుండా, పోగు తర్వాత పోగు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని ఇంట్లో ఆడవాళ్లదే. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన అవ్వ ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి ఆమె భుజం అప్పటికే అరిగిపోయింది. అయినా దాని గురించి చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. "నా కోడలికి ఆ నొప్పి లేదు" అన్నారు.

దసరా సెలవుల్లో మన కాలనీ పిల్లలను బస్సులో పోచంపల్లి తీసుకెళ్లాం. ముందు భూదాన ఉద్యమం నడిపిన వినోబా భావే గుర్తుగా ఉన్న మందిరం చూపించాం. 1951 ఏప్రిల్ 18న ఆయన అడగ్గానే వెదిరె రామచంద్రారెడ్డి గారు భూమిలేని పేదల కోసం 100 ఎకరాలు ఇచ్చిన ఊరిదని చెప్పాం. తర్వాత చిటికి కట్టే ఒక తాత ఇంటికి వెళ్లాం. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో, గీత పెట్టిన చోట పోగులను బిగించి కడతారు. కట్టిన చోటికి రంగు ఎక్కదు, కట్టని చోటు మొత్తం రంగు తాగుతుంది. ఏడో తరగతి చదివే మన పాప ఒకతె ఆ గీత మీద కాకుండా ఒక వేలు పక్కన కట్టింది. రంగులో ముంచాక దిద్దడానికి ఉండదు. తాత ఏమీ అనలేదు. కళ్లద్దాలు సరిచేసుకుని ఆ ముడి మెల్లగా విప్పి, రబ్బరు ముక్కను మళ్లీ పాప చేతిలోనే పెట్టారు. మూడోసారికి కుదిరింది. నలభై ఏళ్ల కింద నా ముడి కూడా ఇలాగే విప్పి ఇచ్చిన పెద్దాయన ఒకరుండేవారు. ఒక్క మాట తిట్టలేదు. ఈ రోజు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పేటప్పుడు నాకు ఆ చేతులే గుర్తొస్తాయి. ఆయన బతికుండగా ఈ మాట చెప్పలేకపోయాను. అది నా మనసులో అలాగే ఉంది.

ఆ తాత కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. అది చూసి వచ్చాక జనవరిలో అక్కడే కంటి పరీక్షల శిబిరం పెట్టాం. అద్దాలు అవసరమైన ప్రతి ఒక్కరికీ చేయించి ఇచ్చాం. నన్నడిగితే ఈ ఏడాది మనం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా మంచి ఖర్చు ఇదే.

మిగతావి క్లుప్తంగా: పదో తరగతి, ఇంటర్ పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చాం. బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే బాగా జరిగాయి. రక్తదాన శిబిరానికి ఈసారి యువత ఎక్కువ వచ్చారు.

వచ్చే ఏడాది జాబితా ఇప్పుడే మొదలుపెడుతున్నాం. మగ్గమే కానక్కర్లేదు. వంట, సైకిల్ రిపేరు, బస్సులో చిల్లర లెక్క, ఏది నేర్పినవాళ్లైనా సరే. పేరు, ఊరు, ఏం నేర్పారో రెండు మాటలు రాసి ఆగస్టు 7 లోపు ఇవ్వండి. నడవలేనివాళ్లుంటే ఆ సంగతి కూడా రాయండి, వాళ్లింటికే వస్తాం.

నమస్కారాలతో,
కార్యదర్శి