అద్దె ఫ్లాట్లలో పని: ఇకపై కాగితం చేతికొచ్చాకే డ్రిల్లు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అద్దెకుంటూ మాతో కబోర్డులు చేయించుకుంటున్న మనవాళ్ళకు ఒక మాట. "ఓనరుగారికి ఫోన్లో చెప్పాం, మొదలుపెట్టేయండి" అంటే ఇన్నాళ్ళూ మొదలుపెట్టేశాం. అది మా తప్పే. సగంలో సెక్యూరిటీ ఆపితే మాకు కూలీ దండగ, ఖాళీ చేసేటప్పుడు ఓనరు దగ్గరున్న మీ అడ్వాన్సులో కోత. ఇకపై ఓనరు రాసిచ్చిన ఒప్పుదల, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇచ్చే వర్క్ పర్మిట్ (పనికి అనుమతి కాగితం) రెండూ వచ్చాకే మనుషుల్ని పంపుతాం.

ఒప్పుదలలో "కొంచెం చెక్కపని" అని రాయించుకుంటే చాలదు. ఏ గోడకు ఎన్ని కన్నాలు, వెళ్ళేటప్పుడు కబోర్డు ఎవరిది, కన్నాలు పూడ్చి రంగు వేయించేది ఎవరు అన్నవి ఉండాలి. అగ్రిమెంటులో వేరేగా లేకపోతే, 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మీరు బిగించుకున్నవి ఇల్లు మీ చేతిలో ఉండగానే తీసుకెళ్ళొచ్చు. ఇల్లు మాత్రం తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

18 ఎంఎం ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు. చాలా లిఫ్టుల్లో నిలబెడితే పట్టదు, మెట్లమీద మోస్తే గోడల మూలలు గీసుకుపోతాయి. అందుకే షాపులోనే కోసి, అంచులకు బ్యాండింగ్ (అంచు కనపడకుండా అతికించే పట్టీ) వేసి తెస్తాం. ఫ్లాట్లో బిగింపు మాత్రమే.

బిగించేముందు మా మేస్త్రీ గోడ చూస్తాడు, దానికి అరగంట ఇవ్వండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, అదే ఎత్తులో పక్కనా వైర్లు వెళ్ళే అవకాశం ఎక్కువ, అక్కడ కన్నం పెట్టం. బాత్రూం అవతలి గోడలో నీళ్ళ పైపులుంటాయి. మొదటి కన్నం నుంచి రాలే పొడి చూస్తే గోడ సంగతి తెలిసిపోతుంది: ఎర్రగా రాలితే ఇటుక, డ్రిల్లు బిట్టు గట్టిగా మొరాయిస్తూ బూడిదరంగు పొడి వస్తే కాంక్రీటు, వెన్నలోకి దిగినట్టు దిగి తెల్లటి పొడి వస్తే ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మ). ఏఏసీలో మామూలు రాల్‌ప్లగ్గు (స్క్రూ పట్టుకోవడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ ముక్క) స్క్రూతోపాటే తిరిగిపోతుంది. బరువైన కబోర్డు దానికి వేలాడదీయం, నేలమీద నిలబడేలా కాళ్ళు పెట్టి చేస్తాం.

పోస్ట్-టెన్షన్ స్లాబు ఉన్న బిల్డింగుల్లో సీలింగుకు డ్రిల్లు అడగొద్దు, లోపల బిగించి లాగిన ఉక్కు కేబుళ్ళుంటాయి. వంటింటి గ్యాస్ వాల్వును చెయ్యి అందకుండా కబోర్డులో మూసేయమన్నా చేయం.

ఇప్పటికే మాకు పనికి అడ్వాన్సిచ్చినవాళ్ళకు ఈ పద్ధతి నచ్చకపోతే, షీటు కోయకముందు చెప్పండి. మొత్తం వెనక్కిచ్చేస్తాం.