సలేశ్వరం దారిలో అన్నం పెట్టేవాళ్లున్నారు, దారి చూపేవాళ్లే తక్కువ

సంపాదకులకు నమస్కారం.

చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే మా అచ్చంపేట వైపు ఎవరి నోట విన్నా సలేశ్వరం మాటే. నల్లమల లోపల, లోతైన లోయలో, జలపాతం పక్కన గుహలో ఉండే లింగమయ్యను చూడ్డానికి ఏడాదిలో ఆ కొన్ని రోజులే వీలు. మిగతా రోజుల్లో అది పులుల అడవి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, మనం పోయేది కాదు. ఒకప్పుడు ఎక్కువ రోజులు జరిగే జాతరను ఈమధ్య మూడు రోజులకు కుదించారు. అడవి మంచికే కుదించారు, నేను తప్పు పట్టను. కానీ జనం తగ్గలేదు, అన్ని రోజుల మందీ ఆ మూడు రోజుల్లోనే వచ్చి పడుతున్నారు.

నేను మూడేళ్లుగా ఆ దారిలో వాలంటీరుగా ఉంటున్నాను. అధికారులకు నా విన్నపం ఒక్కటే. జాతరకు దారి చూపే మనుషుల్ని నెల ముందే ఎంచుకుని, నేర్పించి, కూలి ఇచ్చి పెట్టండి. ఆ మనుషుల్లో ముందు చెంచులు ఉండాలి.

దారి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. బండ్లు రాంపూర్ పెంట దాకానే పోతాయి, పెంట అంటే చెంచుల గూడెం. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు కాలినడక, ఏప్రిల్ ఎండలో, రాళ్ల మీద. ఆ మాత్రం నడక మన ఊళ్లవాళ్లకు లెక్క కాదు, అసలు కష్టమంతా చివర లోయలోకి దిగే దగ్గరే. కొన్ని చోట్ల ఒక పక్క కొండ బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా. దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ అదే దారి. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగే గుంపు, "పోతున్నాం లింగమయ్యా" అంటూ ఎక్కే గుంపు అక్కడ ఎదురుపడితే ఎవరూ వెనక్కి తగ్గలేరు, ఎందుకంటే వెనక ఇంకో వంద మంది ఉంటారు. ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. 2023 జాతరలో ముగ్గురు భక్తులు ప్రాణాలు కోల్పోయిన వార్త మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్లిన ఏడాది నాకొక టోపీ, ఒక విజిల్ ఇచ్చి దారి మధ్యలో నిలబెట్టారు. ట్రైనింగ్ లేదు, అంతకుముందు ఆ లోయలోకి నేను దిగింది కూడా ఒక్కసారే. మధ్యాహ్నం ఇరుకు దగ్గర రెండు గుంపులూ బిగుసుకుపోయాయి. ఒకాయన భుజాల మీద పసిపిల్ల, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాకు టెన్షన్ పెరిగి విజిల్ ఊదాను, ఆగమని నా ఉద్దేశం. వెనకవాళ్లు మాత్రం దారి తెరుచుకుందనుకుని ఇంకా ముందుకు నెట్టారు.

అప్పుడు ఒక చెంచు తమ్ముడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పక్కనున్న బండ మీదికి చెట్టు వేరు పట్టుకుని ఎక్కాడు. అతనికి టోపీ లేదు, బ్యాడ్జీ లేదు, అతనూ దర్శనానికే వచ్చాడు. పైనుంచి ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టాడు. "ఎర్ర తువ్వాల పెద్దయ్యా, నువ్వు ఆగు. నీ వెనకోళ్లు ఉన్నకాడనే కూసోండ్రి. అవ్వా, ఆ తడి రాయి మీద కాలు పెట్టకు, జారుతది." కూసోండ్రి అన్న ఆ ఒక్క మాటతో ఎక్కేవాళ్లంతా వరసగా కూర్చున్నారు. కూర్చున్న మనిషి నెట్టలేడు, అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ముందు పిల్లలున్నవాళ్లను దించి, తర్వాత పదిమంది చొప్పున వదిలాడు. నా గుంపులో ఉన్నవాళ్లంతా క్షేమంగా కిందికి చేరారు. ఆ తమ్ముడికి నేను మంచినీళ్లు తప్ప ఇంకేం ఇవ్వలేకపోయాను, ఆ రోజు అతని సాయం ఏ రికార్డులోనూ ఎక్కి ఉండదు.

అక్కడ పూజలు చేసేది కూడా తరతరాలుగా చెంచులే. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే మనుషులు వాళ్లు. ఏ రాయి కదులుతుందో, ఏ చెట్టు కింద మధ్యాహ్నం కూడా నీడ నిలుస్తుందో, ఏ చరియకు తేనెపట్టు ఉందో వాళ్లకు తెలుసు. తేనెపట్టు కింద ఎవరైనా పొగబెడితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. పట్నం నుంచి వచ్చిన నాలాంటి వాలంటీరుకు తల పైకెత్తి చూడాలన్న ఆలోచన కూడా రాదు.

మన దగ్గర సేవ చేసే చేతులకు కొదవ లేదు. జాతర దారిలో పులిహోర పెట్టేవాళ్లు, మజ్జిగ పోసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఎంతమందో, వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. అటు ఆంధ్ర వైపు ఉగాదికి ముందు కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం వెళ్తారు కదా, ఆ దారి పొడవునా కూడా అన్నదానాలే. కానీ దారి చూపడం, ఆగమని చెప్పడం, గుంపు వెనక మిగిలిపోయిన ముసలమ్మతో పాటు నెమ్మదిగా నడవడం కూడా సేవేనని మనకు ఇంకా పట్టలేదు. అన్నదానం చేసే దాతలు ఒక్క పూట వంట ఖర్చు పక్కన పెడితే కొందరు చెంచు యువకులకు మూడు రోజుల కూలి వస్తుంది. మాలాంటి ఉద్యోగస్తులు ఊరికే చేస్తాం, అది మాకు సెలవు రోజు. వాళ్లు మాత్రం కూలి పని మానుకుని రావాలి, వాళ్లను సేవ పేరుతో ఊరికే చేయమనడం న్యాయం కాదు.

తాతల కాలం నుంచి పోతున్నాం, ఇప్పుడు గైడ్ ఎందుకని కొందరంటారు. తాతలు ఊరంతా ఒక గుంపుగా పోయేవాళ్లు, ఆ గుంపులో దారి ఎరిగిన పెద్దమనిషి తప్పకుండా ఉండేవాడు. ఇవాళ ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ ఎవరి కారులో వాళ్లు వస్తున్నాం, బండి ఆగిన చోట ఆ మ్యాప్ కూడా ఆగిపోతుంది.

చేయాల్సింది పెద్దదేం కాదు. గొర్రెల మందకు ముందొకరు వెనకొకరు ఉన్నట్టే, ఇరవై ముప్పై మంది గుంపుకు ముందు ఒక చెంచు తమ్ముడు, వెనక ఒక వాలంటీరు. రాంపూర్ పెంట దగ్గర తలలు లెక్కపెట్టి పంపాలి, తిరిగొచ్చాక మళ్లీ లెక్కపెట్టాలి. ఇరుకు చోట్ల కాసేపు దిగేవాళ్లను, కాసేపు ఎక్కేవాళ్లను వదలాలి. విజిల్ ఎన్నిసార్లు ఊదితే ఏమిటో బయల్దేరే ముందే అందరికీ చెప్పాలి. ప్లాస్టిక్ బాటిళ్లు, బీడీలు, అగ్గిపెట్టెలు అక్కడే ఆపేయొచ్చు, ఎండాకాలం ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో అటవీ సిబ్బందికి నేను చెప్పక్కర్లేదు. ఇంతమంది పోయినా పులి అడవి పులికి మిగలాలంటే కూడా గుంపులు దారి తప్పకుండా ఉండటమే మార్గం.

నాగర్‌కర్నూల్ జిల్లా అధికారులు వచ్చే జాతరకు నెల ముందే పెంటల్లోని యువకులతో కూర్చుని మాట్లాడాలని కోరుతున్నాను. హైదరాబాద్ నుంచి సేవకు వచ్చే పిల్లలకు నా మాట, జాతర ముందు రోజే రండి, అధికారులు ఒప్పుకుంటే చెంచుల వెంట ఆ దారి ఒకసారి నడవండి. నేనూ వస్తాను. ఈసారి టోపీ తీసుకునే ముందు, నా గుంపుకు ముందు నడిచే చెంచు తమ్ముడు ఎవరని అడుగుతాను, అతని కూలి సంగతి కూడా అడుగుతాను.

ఇట్లు,
ఒక వాలంటీరు, అచ్చంపేట