2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చలివేంద్రం, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది ఆఫ్రికాలోని రువాండా దేశం గురించి.

నిరుడు ఏప్రిల్ 7 ఆదివారం, ఉగాది ఇంకో రెండు రోజులుందనగా మన సమావేశం జరిగింది. రువాండాలో మారణహోమం మొదలై ఆ రోజుకి సరిగ్గా 30 ఏళ్లని మన రిటైర్డ్ టీచరమ్మ గుర్తుచేశారు. 1994లో వంద రోజుల్లో 8 లక్షల మందికి పైగా చంపేశారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టుట్సీ అనే తెగవాళ్లు. చంపినవాళ్లలో ఇరుగుపొరుగువాళ్లూ ఉన్నారు. టుట్సీల ఆవుల్ని కూడా వదలకుండా కోసుకుతిన్నారు. మరుసటి ఏడాదే 50 మంది వితంతువులు కలిసి అవెగా అగహోజో అనే సంఘం పెట్టుకున్నారని ఆమె చెబుతుంటే హాల్లో చప్పుడు లేదు.

సాయం చేద్దామనగానే మాత్రం గొడవ మొదలైంది. "మన చెనిక్కాయ చేలు ఎండిపోతుంటే ఆఫ్రికాకు డబ్బులా?" అన్నారు కొందరు. తప్పు ప్రశ్నేమీ కాదు. కానీ 1969లో స్పెయిన్ దేశస్థుడైన ఫాదర్ ఫెర్రర్ అనంతపురం వచ్చాక మన పల్లెల్లో ఎన్ని ఇళ్లు, ఆసుపత్రులు స్పెయిన్ వాళ్ల డబ్బుతో లేచాయి! ఆ డబ్బు పంపినవాళ్లలో మన కరువును కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది?

అసలు టెన్షన్ ఆడిటర్ గారి దగ్గర మొదలైంది. సంఘం సొమ్ము విదేశంలో ఖర్చుపెడితే దానికి ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు రాదు, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి ఉంటే తప్ప. అందుకని సంఘం ఖాతా ముట్టుకోలేదు. ఇష్టమున్న సభ్యులు సొంత ఖాతాల నుంచి, పాన్ కార్డు చూపించి, విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారం నింపి అక్కడి బాధితుల సంస్థకు పంపారు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి ఒకరి డబ్బు తిరిగొచ్చేసింది. బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరగాల్సి వచ్చింది.

రువాండాలో 2006 నుంచి గిరింకా అనే పథకం ఉంది. ఆ మాటకు 'నీకు ఆవు కలగాలి' అని అర్థం. బాధితులతో సహా పేద కుటుంబాలకు ఆవునిస్తారు. దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను వాళ్లు ఇంకో పేద ఇంటికి అప్పగించాలి. 2018 జులైలో మన ప్రధాని మోదీ అక్కడి రువేరు గ్రామంలో 200 ఆవులు ఇచ్చింది ఈ పథకానికే. మన వైపు ఒకరి ఆవును ఇంకొకరు పాలుకు (వాటాకు) మేపితే దూడలో వాటా ఆవుగలాయనకే వస్తుంది. అక్కడ దూడ పక్కింటికి పోతుంది.

ఈ పద్ధతి మనమూ చేసి చూద్దామని, సంఘం నిధితో రాప్తాడు దగ్గర ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న ఒకమ్మకు చూడి ఆవును ఇప్పించాం. కాగితం రాసుకున్నాం, రెండో ఇంటి పేరు కూడా ఖాయం చేశాం. ఆవు సంక్రాంతి తర్వాత ఈనింది. కోడెదూడ.

కాగితంలో పెయ్య అనే రాసుంది కాబట్టి రెండో ఇంటివాళ్లు ఇంకో ఈత దాకా ఆగాలి. ఆ మాట వాళ్లకు చెప్పే పని కార్యదర్శిదే అని కమిటీ తీర్మానించింది.

ఇట్లు,
కార్యదర్శి, అనంతపురం