టెన్త్ అయ్యాక ఐటీఐ అన్నావు కదా

అమ్మా,

పోయిన విజిటింగ్ రోజు నువ్వు హాస్టల్ గేటు దగ్గర అడిగిన మాటకు జవాబు చెప్పకుండా వచ్చేశాను. "నేను ఎంపీసీ కాకుండా ఐటీఐలో సీఎన్‌సీ కోర్సుకి పోతే నీకు నామోషీనా నాన్నా?" అన్నావు. పక్కన పెదనాన్న ఉన్నాడని "చూద్దాంలే" అన్నాను. బస్సెక్కినప్పటి నుంచి అదే మనసులో మెదులుతోంది. నాకెందుకమ్మా నామోషీ? ఇరవై ఏళ్లుగా మన ఇల్లు నడుస్తున్నది నా ఫిట్టర్ సర్టిఫికెట్ మీదే.

నాకున్నది వేరే భయం. ఐటీఐలో మొదటి నెలంతా మాతో ఒక ఇనప ముక్కను ఆకురాయితో రుద్దించారు. మూల సరిచూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకేసి పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. వస్తే మళ్లీ రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కాయి కానీ ఆ చదును ఈరోజుకీ నా చేతికి తెలుసు. అంతవరకూ బాగానే నేర్పారు. ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్ మాత్రం బ్యాచ్ మొత్తానికి ఒకటే పనిచేసేది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ అయితే పుస్తకంలో బొమ్మే. పాసై కంపెనీలో చేరిన రోజు సూపర్‌వైజర్ టూల్ ఆఫ్‌సెట్, అంటే కోసే పనిముట్టు కొలతను మెషీన్‌లో పెట్టమంటే కదలకుండా నిలబడిపోయాను. నైట్ షిఫ్టుల్లో ఒక సీనియర్ అన్న దగ్గరుండి నేర్పబట్టి నిలదొక్కుకున్నాను. చేతిలో సర్టిఫికెట్ ఉండి పని రాకపోతే ఎంత చిన్నతనంగా ఉంటుందో నాకు తెలుసు. అది నీకు రాకూడదు.

ఇప్పుడు కొంత మారుతోంది. మన తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో హైదరాబాద్ మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. సీఎన్‌సీ, రోబోటిక్స్, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ లాంటి కోర్సులు వచ్చాయి. కానీ బోర్డు చూసి చేరొద్దు. ఒక మెషీన్‌కి ఎంతమంది పిల్లలు, నేర్పే సారు ఎప్పుడైనా ఫ్యాక్టరీలో మెషీన్ల మీద చేశాడా, అప్రెంటిస్‌షిప్ ఎక్కడ ఇప్పిస్తారు, ఇవన్నీ మనిద్దరం వెళ్లి అడుగుదాం.

ఐటీఐకి పోతే చదువు ఆగిపోతుందని పెదనాన్న అంటున్నాడు. ఆగదమ్మా. రెండేళ్ల ఐటీఐ అయ్యాక ఎల్‌పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకే పోవచ్చు. దారి ఉంది, ఇళ్లల్లో ఎవరూ చెప్పరంతే.

నాకు కోపం వచ్చేది ఇంకో విషయంలో. పదేళ్లు బడికి పోయిన పిల్ల చేత్తో ఏం చేయగలదో ఏ పరీక్షా అడగదు. 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు: మన దేశంలో 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో పద్ధతిగా వృత్తి విద్య నేర్చుకున్నవాళ్లు 5 శాతం కూడా లేరన్నది అప్పటి అంచనా అట. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. 2025కల్లా చదువుకునేవాళ్లలో కనీసం సగం మందికి ఏదో ఒక వృత్తి పరిచయం కావాలని కూడా అందులోనే పెట్టారు. నిన్ను బడిలో ఎవరైనా ఒక్కసారి వర్క్‌షాప్‌కి తీసుకెళ్లారా? టెన్త్‌లోనే చేతిపనికి మార్కులిచ్చి, వాటిని ఇంటర్‌లోనూ ఉద్యోగంలోనూ లెక్కలోకి తీసుకుంటే, మార్కులు తక్కువొచ్చిన పిల్లలే ఐటీఐకి పోతారనే మాట పుట్టేదే కాదు. నీకు మార్కులు బాగా వస్తున్నాయి. అయినా ఇటే వస్తానంటున్నావు. అందుకే నాకు గర్వంగా ఉంది.

లెక్కలు మాత్రం వదలకు. లేత్ మీద టేపర్ తిప్పాలంటే, అంటే ముక్కను ఒక చివరికి సన్నబడేలా చెక్కాలంటే, కోణం తీయడానికి మీ టెన్త్ పుస్తకంలోని టాన్ తీటానే కావాలి. పరీక్షల టెన్షన్ పెట్టుకోకు, వేళకు తిను.

ఈసారి వచ్చేటప్పుడు నా పాత వర్నియర్ తెస్తాను. నీ గాజు మందం ఎంతో నువ్వే కొలిచి చెబుదువుగాని.

మీ నాన్న