తల పైన జానెడు, చక్రాల కింద జానెడు

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఆరడుగుల రెండంగుళాల మనిషివి, నాలుగు ఫొటోలు చూసి పాత స్కూల్ బస్సు కొనేసి ఇల్లు చేసేస్తానంటావా? ఫొటోల్లో అన్ని బస్సులూ ఎత్తుగానే కనపడతాయిరా. ఫోన్లో చెబితే సగమే వింటావు, ఆ సగం కూడా చెల్లెమ్మకి నీకు అనుకూలంగా మార్చి చెబుతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. వేలంలో డబ్బు కట్టేముందు మొత్తం చదువు.

ముందు లోపలి ఎత్తు సంగతి. అమెరికాలో నీకు తగిలే పెద్ద బస్సులు దాదాపుగా రెండు రకాలు. ఒకటి లోపల 72 అంగుళాలు, అంటే సరిగ్గా ఆరడుగులు. రెండోది 'హై హెడ్‌రూమ్' అని అమ్ముతారు, 77 నుంచి 78 అంగుళాలు ఉంటుంది. రెండూ అదే పసుపు, అదే డబ్బా. అమ్మేవాడి మాట నమ్మకు, టేపు తీసుకెళ్ళు. ఇంకో మాట, ఆ అంకె నడవ మధ్యలో కొలిచింది. కప్పు గుండ్రంగా వంగి ఉంటుంది కదా, నడవ దాటి కిటికీ వైపు ఒక్క అడుగు వేస్తే అంగుళాలు తరిగిపోతాయి. మరి నువ్వు వంట చేసేదీ, గిన్నెలు కడిగేదీ గోడ పక్కనే కదా!

ఈ కొలతల వెనక చిన్న కథ ఉంది. 1939లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సీర్ అనే ప్రొఫెసర్ ఒక సమావేశం పెట్టాడు. స్కూల్ బస్సుకి పసుపు రంగు వేయాలని తేల్చింది అక్కడే. అందరికీ రంగే గుర్తుంది కానీ, అప్పుడు రాసుకున్న 44 ప్రమాణాల్లో కప్పు ఎత్తు, నడవ వెడల్పు కూడా ఉన్నాయి. వాళ్ళు లెక్కేసుకున్నది ఎక్కి కూర్చుని దిగిపోయే పిల్లల్ని. నీలాంటి తాటిచెట్టు లోపల కాపురం పెడతాడని ఎవరనుకుంటారు?

సరే, 78 అంగుళాల బస్సే దొరికిందనుకుందాం. అంతా నీదే అనుకోకు. పాత రబ్బరు, దాని కింద చెమ్మకి కుళ్ళిన అరంగుళం ప్లైవుడ్ పీకేస్తావు, బాగానే ఉంటుంది. కానీ ఆ రేకు మీద అంగుళం మందం ఫోమ్, దాని మీద అరంగుళం ప్లైవుడ్, ఆ పైన ఫ్లోరింగు వేసేసరికి ఉన్నదాని కంటే అంగుళంపావు నేల పైకి వస్తుంది. కప్పుకి చెక్క పట్టీలు, వాటి మీద పలకలు కొడితే ఇంకో అంగుళం పోతుంది. మిగిలేది 75 ముప్పావు. నీ ఎత్తు 74. చెప్పులు వేసుకుంటే 75. లైట్లు కప్పులోకి దిగేలా పెట్టుకోకపోతే రోజుకోసారి నుదుటికి బొప్పి ఖాయం.

నాది 72 అంగుళాల బస్సు. చవగ్గా వస్తోందని ఎగబడి కొన్నాను. నేను అయిదడుగుల తొమ్మిది. అన్నీ వేశాక మిగిలింది 69 ముప్పావు. జుట్టు పలచబడటం ఇలా కలిసొస్తుందని అనుకోలేదు. ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. కిటికీలు కూర్చున్న పిల్లల కళ్ళకి సరిపోయేలా పెట్టినవి. నిలబడితే నీకు కనపడేది రోడ్డు పక్క గడ్డి. కొండలు చూడాలంటే వంగాలి.

స్నానం దగ్గర మాత్రం ఒక కిటుకు ఉంది. కప్పు మీద అత్యవసరంగా బయటపడే మూత ఉంటుంది చూడు, సరిగ్గా దాని కింద షవరు పెట్టి, మూత బదులు గుమ్మటం లాంటి పారదర్శకపు మూత బిగిస్తే నాలుగైదు అంగుళాలు ఊరికే వస్తాయి. మీ చెల్లికి ఇంట్లో నచ్చింది అదొక్కటే.

ఇక నువ్వడిగిన 'కప్పు లేపడం'. కిటికీల దగ్గర స్తంభాలు కోసి, కప్పుని జాకీలతో ఒక అడుగో రెండడుగులో ఎత్తి, మధ్యలో ఇనుప ముక్కలు పెట్టి వెల్డింగ్ చేసి, రేకులు రివెట్లతో బిగిస్తారు. చేసినవాళ్ళ బస్సులు చూస్తే నాకూ నోరూరింది. కానీ ఒకసారి ఆలోచించు. 1977 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, ఖాళీ బస్సు బరువుకి ఒకటిన్నర రెట్ల బలం కప్పు మీద మోపినా అది 130 మిల్లీమీటర్ల కంటే, అంటే అయిదంగుళాల పైన ఓ పిసరు కంటే, ఎక్కువ లోపలికి దిగకూడదు. బస్సు బోల్తా పడితే పిల్లల్ని కాపాడేవి ఆ విల్లుల్లాంటి ఇనుప కమ్మీలే. వాటన్నిటినీ రంపంతో కోసి, వెల్డింగ్ వీడియోలు చూసి నేర్చుకున్న చేత్తో అతికిస్తే నాకైతే నిద్ర పట్టదు. తెలిసినవాడు చేస్తే సరే, అది వేరే సంగతి.

బయటి ఎత్తు కూడా చూసుకో. మామూలు బస్సు పదిన్నర అడుగులు ఉంటుందనుకో. 20 అంగుళాలు లేపితే 12 అడుగుల 2 అంగుళాలు. ఆ పైన ఫ్యాను మూత, సోలార్ పలకలు. చాలా రాష్ట్రాల్లో చట్టం 13 అడుగుల 6 అంగుళాల దాకా ఒప్పుకుంటుంది కానీ, వంతెన ఒప్పుకోవాలి కదా! నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఉంది. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు, లారీల పైకప్పులు డబ్బా మూతల్లా ఒలిచి పారేసేది. 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకి ఎత్తారు. నీ లేపిన కప్పు, దాని మీద ఫ్యాను, ఆ వంతెన... లెక్క నువ్వే వేసుకో. అందుకే నా మాట: 72ది కొని లేపేకంటే, ఇంకో రెండు నెలలు ఆగి 78ది వెతుక్కో.

ఇప్పుడు కిందకి వద్దాం. నన్ను నిజంగా ఏడిపించింది ఇదే.

కప్పుకి తల ఒకసారి తగిలితే రెండోసారి నువ్వే వంగుతావు. కింద ఏది ఎక్కడ వేలాడుతోందో డ్రైవరు సీట్లోంచి కనపడదు. గిన్నెలు కడిగిన నీళ్ళు చేరే ట్యాంకుని నేను తోకలో, వెనక ఇరుసుకి బాగా అవతల వేలాడదీశాను. అక్కడ ఖాళీ ఉంది, గొట్టాలు దగ్గర, పని తేలిక. ఒక గ్యాస్ స్టేషన్ నుంచి బయటికి దిగుతుంటే వెనక నుంచి ఏనుగు ఘీంకరించినట్టు చప్పుడు. దిగి చూస్తే ట్యాంకు వాల్వు విరిగి, మూడు రోజుల గిన్నెలు కడిగిన నీళ్ళు రోడ్డు మీద. వెనక కార్లో ముక్కు మూసుకున్న పెద్దాయన మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

తర్వాత బుద్ధొచ్చి కొలిచాను. వెనక ఇరుసు నుంచి బంపరు దాకా 120 అంగుళాలు, బంపరు నేలకి 18 అంగుళాల ఎత్తు. అంటే తోక తగలకుండా ఎక్కగలిగే వాలు దాదాపు ఎనిమిదిన్నర డిగ్రీలు. అదే కొంచెం. నా ట్యాంకు అడుగు ఇరుసుకి 96 అంగుళాల వెనక, నేలకి 9 అంగుళాల ఎత్తులో ఉంది. వాలు అయిదున్నర డిగ్రీలు కూడా రాలేదు. తోకలో వేలాడే ప్రతి వస్తువుకీ ఇదే గతి, ట్రైలరు తగిలించే హిచ్ అయినా సైలెన్సరు గొట్టమైనా. ఇప్పుడు ట్యాంకుని రెండు ఇరుసుల మధ్యకి, చాసిస్ పక్కకి మార్చాను.

మధ్యలో పెడితే గండం గడిచినట్టేనా అంటే, కాదు. అక్కడ పొట్ట తగులుతుంది. రెండు ఇరుసుల మధ్య 240 అంగుళాలు, కింద ఖాళీ 12 అంగుళాలు ఉంటే, పదకొండు డిగ్రీల పైచిలుకు గుట్ట దాటొచ్చు. బ్యాటరీ పెట్టె ఒకటి నేలకి 8 అంగుళాల ఎత్తు దాకా కిందికి దించావా, ఏడున్నరకి పడిపోతుంది. రైలు పట్టాల ముందు పసుపు బోర్డు మీద లారీ పొట్ట పట్టాల మీద ఇరుక్కున్న బొమ్మ ఉంటుంది, అది మనకోసమే. అది కనపడితే తిరిగి పో, సిగ్గుపడకు. పొట్టి బస్సుకి ఈ బాధ చాలా తక్కువ. ఇరుసుల మధ్య 139 అంగుళాలైతే అదే 12 అంగుళాలతో దాదాపు ఇరవై డిగ్రీలు.

కమాను కట్టల కింద దిమ్మలు పెట్టి బండిని లేపేద్దాం అంటావు, నాకు తెలుసు. పొట్ట, తోక లేస్తాయి. వెనక ఇరుసు మధ్యలో చక్రాల్ని తిప్పే పళ్ళ చక్రాలుండే డిఫరెన్షియల్ గుండు మాత్రం అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. 255/70ఆర్22.5 సైజు టైర్ల నుంచి ఇంకా పెద్దవైన 11ఆర్22.5కి మారితే ఇరుసు సుమారు రెండున్నర అంగుళాలు లేస్తుంది. అయితే స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి దాదాపు 68 మీద పోతుంటుంది, దాన్ని సరిచేయించాలి. వెనక జంట టైర్ల మధ్య సందు సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. పైగా కింద లేపిన ప్రతి అంగుళమూ పైన వంతెన దగ్గర లెక్కకొస్తుంది. మెట్టు కూడా ఎత్తవుతుంది, అత్తయ్య వస్తే ముక్కాలిపీట వేయాలి.

వచ్చే వారం చూడబోయే బస్సు ఫొటోలు పంపు. ముందు నుంచి తీసినవి వద్దు. పాత చొక్కా వేసుకుని కింద పడుకుని, వెనక బంపరు నుంచి ఇరుసు వైపు తీసినవి పంపు. ఆ తర్వాత లోపలికెళ్ళి, చెప్పులు విప్పకుండా, వంటిల్లు రావాలనుకున్న చోట నిలబడి తల మీద ఎంత మిగిలిందో కొలిచి రాయి. చెల్లెమ్మని కూడా తీసుకెళ్ళు, నీ కొలతలు నేను నమ్మను.

నీ
బావ