చికెన్ ఫార్వర్డ్ గురించి రెండు ముక్కలు

అందరికీ నమస్తే. ‘చికెన్ తింటే ఇక మందులు పనిచేయవు’ అని పొద్దున్నించి గ్రూపులో తిరుగుతున్న ఫార్వర్డ్ గురించి. అది పూర్తిగా వట్టి మాట కాదండీ. కోళ్లు త్వరగా బరువెక్కాలని, జబ్బు రాకముందే దాణాలో, నీళ్లలో యాంటీబయాటిక్స్ కలిపే ఫారాలున్నాయి. వాటికి చావని బ్యాక్టీరియా కోడి పేగుల్లో మిగిలి, కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటుంది. అది మనకు సోకితే ఆ మందులు పనిచేయకపోవచ్చు. కొలిస్టిన్ అని ఒక మందుంది, ఐసీయూలో ఇంకేదీ పనిచేయనప్పుడు ఇచ్చేది. దాన్నీ కోళ్లకు పట్టేవారు! బ్యాక్టీరియాను దానికి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువు 2015లో చైనాలో బయటపడింది. అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. మన కేంద్రం 2019 జులైలో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

అయితే ఎంత మొండి బ్యాక్టీరియా అయినా బాగా ఉడికితే చస్తుంది. కాబట్టి కూరతో బెంగ లేదు, గొడవంతా సింకు దగ్గరే. పచ్చి చికెన్‌ను కుళాయి కింద పెట్టి కడిగితే తుంపరలు పక్కనున్న ప్లేట్ల మీద పడతాయి. కడగకుండా మనసొప్పదంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, సింకూ చేతులూ సబ్బుతో కడుక్కోండి. బిర్యానీలోకి పచ్చి ఉల్లిపాయ చక్రాలు మాత్రం చికెన్ కోసిన కత్తితోనే తరగకండి.